"నా స్క్వాట్స్ వీడియో తీసి గ్రూపులో పెట్టి నవ్వుకున్నారు"

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 36. పుట్టిల్లు టెక్కలి దగ్గర ఒక పల్లెటూరు. పెళ్లయ్యాక విశాఖ వచ్చి స్థిరపడ్డారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత థైరాయిడ్ తేలింది, బరువు 88 కిలోలకు చేరింది, మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. వ్యాయామం చేసి తీరాలని డాక్టరు గట్టిగా చెప్పారు. అదే అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్‌లో ఉండే స్నేహితురాలు "నేను వెళ్లే జిమ్‌లో పదిన్నర నుంచి లేడీస్ బ్యాచ్ ఉంది, ఇద్దరం కలిసి వెళ్దాం" అని దగ్గరుండి చేర్పించింది. ఏడాది ఫీజు 15 వేలు ఒకేసారి కట్టారు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఆ బ్యాచ్‌లో ఐదారుగురిది ఒక జట్టు అని తర్వాత తెలిసింది. జుంబాలో ముందు వరస వాళ్లది. ఏసీ కింద ఉన్న రెండు ట్రెడ్‌మిల్స్ కూడా వాళ్లవే. ఎక్కకపోయినా టవలో, వాటర్ బాటిలో పెట్టి ఉంచుతారు. ఒకరోజు ఈవిడ ఆ టవల్ పక్కన పెట్టి ఎక్కబోతే "ఆంటీ, మెషిన్ మీద కిలోల లిమిట్ రాసి ఉంటుంది, చూసుకుని ఎక్కండి" అన్నారు. ఆ అన్నావిడ వయసు 45 పైమాటే. ఈవిడ ట్రైనర్‌ని "ఏటి మేడమ్, ఇలగేనా?" అని అడిగితే ఆ రోజంతా హాల్లో నాలుగు వైపుల నుంచీ "ఏటి", "ఇలగేనా" అని వినిపించింది. పోయిన నెల ఈవిడ స్క్వాట్స్ చేస్తుంటే వెనక నుంచి ఎవరో వీడియో తీసి, "భూకంపం అలర్ట్" అని రాసి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కాసేపటికి డిలీట్ చేసేశారు. స్క్రీన్‌షాట్ తీసుకోవాలని ఈవిడకి తోచలేదు. నవ్వుతున్న ఎమోజీ పెట్టినవాళ్లలో పై ఫ్లోర్ స్నేహితురాలు కూడా ఉంది. ఇప్పుడు ఆమె జిమ్‌కి వేరుగా వెళ్తోంది. లిఫ్టులో ఎదురైతే ఫోన్ చూసుకుంటోంది.

ట్రైనర్ అమ్మాయికి చెబితే "లైట్ తీసుకోండి మేడమ్, వాళ్లు అందరితోనూ అంతే" అంది. అదే బ్యాచ్‌కి వచ్చే రిటైర్డ్ టీచర్ ఒకావిడ మాత్రం "నేనూ చూశానమ్మా, అది పద్ధతి కాదు" అని మెల్లగా అని వెళ్లిపోయారు. భర్త "మానేయ్, ఇంట్లో చేసుకో" అంటున్నారు. అత్తగారు రోజూ ఆ 15 వేలు గుర్తు చేస్తున్నారు. నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గిన ఈవిడ రెండు వారాలుగా జిమ్ మెట్లు ఎక్కలేదు. "నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా? మానేస్తే ఓడిపోయినట్టా? పోలీసులకు చెబితే పట్టించుకుంటారా? నా స్నేహితురాలితో ఇప్పుడు ఎలా ఉండాలి?" అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీరు ఏమీ ఊహించుకోవడం లేదు. సరదాకి పెట్టిన వీడియో అయితే హడావిడిగా తీసేయాల్సిన అవసరం ఉండదు. తీసేశారంటే అది తప్పని వాళ్లకీ తెలుసు. ఎవరో ఒకరోజు నోరు జారి ఒక మాట అంటే వదిలేయొచ్చు. నెలల తరబడి ఒకే మనిషిని పట్టుకుని, నలుగురు కలిసి, పదిమంది ముందు ఏడిపిస్తుంటే అది వేధింపే. కానీ మన దగ్గర వేధింపు అనగానే చేసేది మగవాడే అయ్యుంటాడని అనుకుంటారు. ఆడవాళ్లు ఆడవాళ్లని ఏడిపిస్తే "ఆడవాళ్ల గొడవలు" అని నవ్వి వదిలేస్తారు. మీ ట్రైనర్ చేసింది కూడా అదే.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒక సంగతి కనబడింది. ట్రెడ్‌మిల్స్ గురించి, జుంబా వరస గురించి నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. వీడియో గురించి ఒక పేరా రాశారు. స్నేహితురాలి గురించి మాత్రం రెండు పేజీలు. ఆమె బాబుకి డెంగీ వస్తే మీరు ఆసుపత్రిలో తోడు కూర్చోవడం, ఆదివారాలు ఇద్దరూ రైతుబజారుకి వెళ్లడం, అన్నీ ఉన్నాయి. మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ జట్టు నాయకురాలు కాదనుకుంటున్నాను. ఇది ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, జిమ్ ఓనర్ తీర్చగలిగిన సమస్య ఒకటి, తీర్చలేనిది ఇంకొకటి. రెండూ ఒకటే అనుకుంటే, రేపు ఓనర్ వాళ్లని మందలించాక కూడా మీ మనసు కుదుటపడదు. ఫిర్యాదు చేసి ఏం ఒరిగింది అనిపిస్తుంది. పోనీ జిమ్ మానేసినా ఆ లిఫ్టు మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉంటుంది కదా.

ముందు జిమ్ సంగతి చూద్దాం. తెల్లవారుజామున, సాయంత్రం ఆరు దాటాక జిమ్‌లు మగవాళ్లతో నిండిపోతాయి. పిల్లలు స్కూలుకి, భర్తలు ఆఫీసుకి వెళ్లాక మిగిలిన ఖాళీ సమయానికే చాలాచోట్ల లేడీస్ బ్యాచ్ అని పేరు. ఆ రెండు గంటల్లో, ఆ నాలుగు మెషిన్ల మీద పాతికమంది సర్దుకోవాలి. ముందొచ్చి పాతుకుపోయినవాళ్లు దాన్ని సొంత ఇల్లులా చూస్తారు. పైగా వాళ్లలో చాలామందికి రోజు మొత్తంలో తమకంటూ దొరికేది ఆ రెండు గంటలే అయ్యుంటుంది. బరువు విషయంలో వాళ్లు పడని మాటలు కూడా ఉండవు. మన పెళ్లిళ్లలో భోజనానికంటే ముందు వడ్డించేది "ఏంటే, ఇంత లావైపోయావ్" అన్న మాటే. అలా పడ్డవాళ్లే తమకంటే లావుగా ఉన్న మనిషి కనబడగానే ఆ మాట అక్కడ దించుకుంటారు. వాళ్ల మీద జాలిపడమని చెప్పడం లేదు. మీలో ఏదో లోపం ఉండబట్టే ఇలా జరుగుతోందని మీరు అనుకోకూడదని చెబుతున్నాను. మీరు పది కిలోలు తగ్గి వెళ్లినా వాళ్లు నవ్వడానికి ఇంకేదో దొరుకుతుంది. మీ మాట మీద పడ్డారు చూడండి. విశాఖలో ఉంటూ ఉత్తరాంధ్ర మాటకి నవ్వేవాళ్లు జాలరిపేటకో, పూర్ణామార్కెట్‌కో వెళ్లినప్పుడు ఏం చేస్తారో నాకు అర్థం కాదు.

నాకు వాళ్లకంటే ఆ జిమ్ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ట్రైనర్ అమ్మాయిని పూర్తిగా తప్పుపట్టలేను. ఇలాంటి చోట్ల ట్రైనర్ల జీతం చిన్నది, పర్సనల్ ట్రైనింగ్ తీసుకునేవాళ్ల మీద వచ్చేదే అసలు ఆదాయం. ఆ జట్టులో ఇద్దరు ఆమె దగ్గర పర్సనల్ ట్రైనింగ్ తీసుకుంటున్నారని మీరే రాశారు. ఆమె వాళ్లని ఏమీ అనలేకపోతోంది. అందుకని ఆమెకి మళ్లీ మళ్లీ చెప్పడం వల్ల మీకు విసుగు, ఆమెకి ఇబ్బంది, అంతే. చెప్పాల్సింది ఓనర్‌కి. అదీ నోటితో కాదు, రాసి ఇవ్వండి. ఒక పేజీ చాలు. ఏ తేదీన, ఏ టైములో, ఎవరు ఏమన్నారు, వీడియో ఏ గ్రూపులో వచ్చింది, ట్రైనర్‌కి ఎప్పుడు చెప్పారు, ఆమె ఏమంది. "నన్ను చాలా అవమానించారు" అని రాస్తే ఓనర్ ఓదారుస్తాడు. "ఫలానా రోజు 11 గంటలకు మీ హాల్లో నా అనుమతి లేకుండా వీడియో తీశారు" అని రాస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది. కాగితం ఇచ్చి, అదే ఫొటో తీసి అతని వాట్సాప్‌కి కూడా పంపండి.

ఆ కాగితంలో వాళ్లని జిమ్ నుంచి తీసేయమని అడగొద్దని నా సలహా. అటు ఐదారుగురి ఫీజు, ఇటు మీ ఒక్కరిది. లెక్క చూసుకుంటే ఓనర్ ఎటు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు. అతనికి పైసా ఖర్చులేనివి అడగండి: హాల్లో ఇంకొకరు కనబడేలా ఫోన్‌తో వీడియో తీయకూడదని బోర్డు, రద్దీ టైములో ఒక్కొక్కరికి ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాలే అన్న నియమం, టవల్ పెట్టి మెషిన్ ఆపకూడదన్న మాట, బ్యాచ్ గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ పోస్ట్ చేయకుండా సెట్టింగ్. ఇవి అందరికీ వర్తించే నియమాలు కాబట్టి అతను ఎవరితోనూ గొడవపడకుండా పెట్టగలడు. రిటైర్డ్ టీచర్‌గారిని కలిసి, ఓనర్ అడిగితే వీడియో తను కూడా చూశానని ఒక్క మాట చెప్పగలరా అని అడగండి. ఒప్పుకోకపోతే బలవంతం చేయొద్దు. ఆవిడ లాగా ఇబ్బందిగా ఊరుకుంటున్నవాళ్లు ఆ పాతికమందిలో ఇంకా ఉంటారు. మీరు ఇన్నాళ్లూ ఆ ఐదారుగురినే చూస్తూ మిగతావాళ్లతో పరిచయం పెంచుకోలేదేమో.

ఇలా రాసి ఇస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఇచ్చింది మీరేనని వాళ్లకు గంటలో తెలిసిపోతుంది. కొన్నాళ్లు మూతివిరుపులు, మీరు రాగానే మాట ఆపేయడం, మిమ్మల్ని వదిలేసి కొత్త గ్రూపు పెట్టుకోవడం, అన్నీ జరగొచ్చు. వీడియోలు, కామెంట్లు ఆగిపోతే ఆ మౌనాన్ని భరించడం తేలికే అంటారు కొందరు. కొందరికి మౌనమే ఎక్కువ బాధ. మీరు ఏ రకమో మీకే తెలుసు. ఆ మౌనం భరించలేననిపిస్తే కాగితం ఇచ్చి, దాంతోపాటే బ్యాచ్ మార్చమని అడగొచ్చు.

పోలీసుల సంగతి. ఇక్కడ మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. బట్టలు మార్చుకునే గదిలోనో, బాత్రూమ్‌లోనో ఉన్న స్త్రీని రహస్యంగా చూసినా, ఫొటో, వీడియో తీసినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. పాత ఐపీసీలో ఆ నేరం చేసేది మగవాడు అనే రాసుండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఎవరు చేసినా నేరమే, ఆడవాళ్లు తీసినా సరే. కానీ మీ వీడియో హాల్లో, వ్యాయామం బట్టల్లో తీసింది. అది ఆ సెక్షన్ కిందకి రావడం కష్టం. అసభ్యమైన మాటలు, మీ గౌరవాన్ని కించపరిచే ఉద్దేశం కనబడితే వేరే సెక్షన్లు ఆలోచించొచ్చు గానీ, స్క్రీన్‌షాట్ కూడా లేనప్పుడు కేసు నిలవడం అనుమానమే. స్టేషన్‌కి వెళితే పిలిచి మందలించి పంపే అవకాశం ఎక్కువ. దానివల్ల వాళ్లు భయపడొచ్చు. లేదా "మన మీద పోలీసులకి చెప్పింది" అని హాలంతా వాళ్ల వైపు తిరగొచ్చు. నేనైతే దాన్ని ఇప్పుడు వాడను, చేతిలో ఉంచుకుంటాను. మళ్లీ వీడియో వస్తే వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి, పంపిన నంబరు, టైము కనబడేలా. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరైనా ఫోన్ ఎత్తినట్టు అనిపిస్తే మాత్రం ఆలోచించొద్దు, నేరుగా స్టేషన్‌కి వెళ్లండి, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి.

హాల్లో ఎవరైనా ఎదురుగా అంటే ఏం చేయాలో మీరు అడగలేదు గానీ అడగాలనుకున్నట్టు ఉంది. అన్న మాటని మళ్లీ చెప్పమని అడగడం ఒక పద్ధతి. "ఏటన్నారండీ? సరిగా వినపడలేదు, ఇంకోసారి చెప్పండి." మీ మాటలోనే, అందరికీ వినబడేలా అడగండి. గుంపులో గుసగుసగా అన్న మాటని ఒంటరిగా, పైకి అనాల్సి వస్తే చాలామంది నోరు పెగలదు. కొందరు అనేస్తారు కూడా. అప్పుడు "సరే, విన్నాను" అని మీ పని మీరు చేసుకోండి. అది రాత్రికి మీ కాగితంలో ఇంకో వాక్యం అవుతుంది. గొంతు వణుకుతుందనిపిస్తే ఈ పద్ధతి వదిలేయండి. ప్రతి ఒక్కరూ నోటితోనే గెలవాలని ఏమీ లేదు.

ఇక స్నేహితురాలు. ఎమోజీ పెట్టిన మాట నిజమే. ఎందుకు పెట్టిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మిమ్మల్ని జిమ్‌కి తీసుకొచ్చింది ఆమె. మిమ్మల్ని చూసి నవ్వుతుంటే తన మీద కూడా నవ్వుతారన్న భయంతో అటు జరిగిందేమో. ఆ గుంపులో చోటు కోసం చాన్నాళ్లుగా ఎదురుచూస్తోందేమో. మీరు ఇంట్లో కూర్చుని ఊహిస్తున్నన్నాళ్లూ ఆమె మీ ఊహలో ఇంకా చెడ్డదవుతూనే ఉంటుంది. అడగాలంటే పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు పైకి వెళ్లి అడగండి. వాట్సాప్‌లో వద్దు. ఆ మెసేజ్ ఎవరి ఫోన్లోకి ఫార్వర్డ్ అవుతుందో చెప్పలేం. ఆ జట్టు గురించి ఒక్క మాట కూడా ఎత్తకండి, ఎత్తితే ఆమె వాళ్లని వెనకేసుకురావాల్సి వస్తుంది. "ఆ వీడియో కింద నువ్వు కూడా నవ్వావు. నాకు బాధేసింది. ఎందుకు?" అంతవరకే అడిగి ఆగండి.

ఆమె ఏడ్వొచ్చు, సారీ చెప్పొచ్చు. చెప్పి మర్నాడు మళ్లీ ఆ ముందు వరసలోనే నిలబడొచ్చు. అప్పుడు మీ ఇద్దరికీ ఇంట్లో ఒక స్నేహం, జిమ్‌లో ఇంకొకటి ఉంటాయి. దానికి ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. మీరు ఒప్పుకుంటే తప్పు లేదు, కానీ తెలిసి ఒప్పుకోండి. "అబ్బా, జోక్‌కి అంత ఫీలవుతావేంటి" అని ఆమె అంటే మీకు జవాబు దొరికినట్టే, ఇక రైతుబజారుకి వేరే తోడు చూసుకోవచ్చు. అడగకుండా ఊరుకోవడం కూడా ఒక దారే. ఒకే అపార్ట్‌మెంట్, ఒకే స్కూల్ బస్సు, పిల్లల స్నేహం ఇవన్నీ ఉన్నప్పుడు కొందరు మనసులో దూరం పెట్టి పైకి మామూలుగా ఉండిపోతారు. ఏ దారి పట్టినా లిఫ్టులో "బావున్నారా" అనేంత మర్యాద ఉంచుకోండి, అది ఆమె కోసం కాదు, పిల్లల కోసం.

మానేస్తే ఓడిపోయినట్టా అన్నారు. మీరు పోటీకి వెళ్లలేదు. మోకాళ్ల కోసం, థైరాయిడ్ కోసం వెళ్లారు. ఆ పని ఇంకోచోట అయితే నష్టం లేదు, అసలు ఆగిపోతేనే నష్టం. మీవారు అన్నట్టు ఇంట్లో చేసుకోవడం చెప్పినంత సులువు కాదు. ఇంట్లో ఉన్న ఆడమనిషి మ్యాట్ పరిస్తే ఆ పది నిమిషాల్లోనే కొరియర్ వస్తాడు, కుక్కర్ కూస్తుంది, అత్తగారు పిలుస్తారు. నడకకి విశాఖలో లోటు లేదు. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలు ఆపేస్తారు, మీకు దగ్గర్లో శివాజీ పార్కు ఉంది. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, దాంతోపాటు రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. నడక బీచ్‌లో అయిపోతుంది. రెండోదే ఇబ్బంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి తొడ కండరాలు బలపడటం ముఖ్యం. ఆ వ్యాయామాలు మొదట్లో ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తుండగా చేయాలి. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నాలుగైదుసార్లు నేర్చుకుని ఇంట్లో కొనసాగించొచ్చు. దానికి అదనపు ఖర్చు, రోజూ ఒక గంట ఎవరూ పిలవకూడదన్న ఒప్పందం కావాలి. ఆ ఒప్పందం మీవారు కుదర్చగలిగితే "ఇంట్లో చేసుకో" అన్న మాటకి విలువుంటుంది.

అదే జిమ్‌లో ఉదయం ఆరింటి మిక్స్‌డ్ బ్యాచ్‌కి మారడం ఇంకో దారి. ఆ టైములో వచ్చేవాళ్లు ఆఫీసు హడావిడిలో ఉంటారు, ఒకరి గోల ఒకరికి పట్టదు. అయితే మగవాళ్లు ఉంటారు, ఇంట్లో ఒప్పుకోవాలి, పిల్లల టిఫిన్, స్కూలు సంగతి మీవారు చూడాలి. ఓనర్ దగ్గరికి ఆయన్ని వెంటపెట్టుకు వెళ్లే బదులు ఆ పొద్దుటి గంట మీకు ఇమ్మని అడగడం మేలనిపిస్తోంది. ఆయన వస్తే రేపటి నుంచి "మొగుణ్ని తీసుకొచ్చింది" అన్నదే కథవుతుంది.

అత్తగారి 15 వేల గురించి. కట్టిన డబ్బు వాపసు ఇవ్వబడదని రసీదు మీద అచ్చు వేసినంత మాత్రాన కథ ముగిసిపోదు. మీరు రాసి ఇచ్చినా ఓనర్ ఏ చర్యా తీసుకోకపోతే అది సేవలో లోపం అని వాదించొచ్చు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, చాలా జిమ్‌లు ఆ ఫోన్‌తోనే దారికొస్తాయి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి అక్కడ దరఖాస్తు ఫీజు కూడా ఉండదు. పూర్తి డబ్బు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, మిగిలిన నెలల వరకు రావొచ్చు. తిరగడానికి ఓపిక ఉండాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఇవన్నీ ఈ వారమే తేల్చుకోనక్కర్లేదు. చాలా జిమ్‌లలో మెంబర్‌షిప్ ఒకటి రెండు నెలలు ఫ్రీజ్ చేసుకోవచ్చు, అంటే తాత్కాలికంగా ఆపి ఉంచుకోవచ్చు, మీ రసీదు వెనక నిబంధనల్లో ఉందేమో చూడండి. ఉంటే వాడుకోండి, ఆ నెల బీచ్ రోడ్డులో నడవండి. అయితే కాగితం ముందు ఇచ్చి ఆ తర్వాతే ఫ్రీజ్ అడగండి. ముందు ఫ్రీజ్ చేస్తే ఓనర్‌కి మీరు ఎలాగూ రావడం లేదు, తొందరేం లేదనిపిస్తుంది. నెల తర్వాత ఒకరోజు వెళ్లి ఆ బోర్డు పెట్టారో లేదో చూడండి. పెట్టకపోతే రెండో కాగితంలో 1915 అన్న నంబరు కూడా రాయండి.